ఓవెన్ లేకుండా చోడి (రాగి) బిస్కెట్లు, ఖర్జూరం ముక్కలు: విశాఖ గాలికి మెత్తబడకుండా చేసుకోవడం ఎలా?

"ఓవెన్ లేదండీ, పిల్లల బాక్సులోకి ఇంట్లోనే బిస్కెట్లు చేయొచ్చా?" అని అడిగేవాళ్లు కొందరు. "చేశాం, మర్నాటికే మెత్తబడిపోయాయి, ఎక్కడ తప్పింది?" అని అడిగేవాళ్లు ఇంకా ఎక్కువ. ఈ రెండో ప్రశ్న దాదాపు ఎప్పుడూ మన విశాఖ వైపు నుంచే వస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న చెల్లెలు చెప్పిన కొలతలతోనే చేస్తారు. ఆవిడకి కరకరలాడతాయి, మనకి చేతికి అంటుకుంటాయి.

కొలతల్లో తప్పేం లేదు. తేడా అంతా గాలిలో ఉంది. మనది సముద్రం పక్కన ఊరు. మే నెల ఎండలో కూడా ఒంటికి చెమట ఆరదు, అంత తేమ ఉంటుంది. బెల్లం, ఖర్జూరం, తేనె మూడూ గాలిలో తడిని లాక్కునే సరుకులే. ఓవెన్ ఉంటే పిండిలోని నీరు ఆ వేడికి పోతుంది. ఓవెన్ లేకపోతే ఆ పని మూకుడులో మనమే ముందుగా చేసేయాలి. అందుకే కింద వేయించడం గురించి, చల్లార్చడం గురించి, డబ్బాలో పెట్టడం గురించి ఎక్కువగా చెప్పాను. కలపడం, అచ్చు వేయడం పది నిమిషాల పని.

ముందు సరుకులు

ఇక్కడ కప్పు అంటే 200 మిల్లీలీటర్లు పట్టే మామూలు స్టీలు గ్లాసు. ఇంట్లో చిన్న తూకం ఉంటే బెల్లం మాత్రం తూచుకోండి. తురుము వదులుగా పోస్తే ఒక లెక్క, నొక్కి పోస్తే ఇంకో లెక్క వస్తుంది.

చోడి బిస్కెట్లకి (20 నుంచి 24 ముక్కలు వస్తాయి):

- చోడి పిండి: అర కప్పు, అంటే 65 గ్రాములు
- ఓట్స్: 1 కప్పు, సుమారు 80 గ్రాములు. అటుకుల్లా రేకులుగా ఉండేవే తీసుకోండి. మసాలా కలిపిన ప్యాకెట్లు వద్దు
- పల్లీలు: 1 కప్పు, 130 గ్రాములు
- బెల్లం తురుము: 150 గ్రాములు
- నెయ్యి: 3 టేబుల్ స్పూన్లు
- నువ్వులు: 2 టేబుల్ స్పూన్లు
- నీళ్లు: 4 టేబుల్ స్పూన్లు
- యాలకుల పొడి అర చెంచా, ఉప్పు చిటికెడు

ఉప్పు మానేయకండి. చిటికెడు ఉప్పు పడితే బెల్లం తీపి మొహం మొత్తదు.

బెల్లానికి మనం ఎక్కడికో వెళ్లక్కర్లేదు, పక్కనే అనకాపల్లి ఉంది. పూర్ణా మార్కెట్‌లో గానీ రైతు బజారు దగ్గర గానీ కొనేటప్పుడు బంగారు రంగులో మెరిసేదాన్ని చూసి మోసపోకండి. ఆ రంగు కోసం కొన్నిచోట్ల బెల్లం వండేటప్పుడు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు గోధుమ రంగుది, గట్టిగా ఉన్నది, గోరుతో గీస్తే పొడిగా రాలేది మంచిది. పైన చెమ్మగా, జిగటగా ఉన్న బెల్లం ఇప్పటికే తడి లాగేసింది. దాన్ని పులుసులోకి వాడుకోండి, బిస్కెట్లకి వద్దు.

పల్లీలు పళ్లెంలో పోసి ఒకసారి ఏరండి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి పారేయాలి. తేమ ఊళ్లలో పల్లీకి బూజు తొందరగా పడుతుంది. ఆ బూజులో తయారయ్యే విషం వేయించినా పూర్తిగా పోదు.

చోడి పిండి కొత్తదై ఉండాలి. చోళ్లు కొని మరలో ఆడించుకుంటే ఇంకా మేలు. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది. ఇక్కడ ఇన్ని పిండులుండగా దీన్నే ఎంచుకోవడానికి కారణం అదే. అంబలి ముట్టని పిల్లలు కూడా ఈ బిస్కెట్ తింటారు.

చోడి బిస్కెట్లు చేసే పద్ధతి

1. ముందు మూకుడు, గరిటె, పళ్లెం, మిక్సీ జార్ పొడిగుడ్డతో తుడవండి. కడిగిన జార్‌లో బ్లేడు కింద నీటి చుక్కలు నిలుస్తాయి. బోర్లించినంత మాత్రాన ఆరవు. అనుమానంగా ఉంటే జార్‌ని కాసేపు ఎండలో పెట్టండి.

2. పల్లీలు సన్న మంట మీద 8 నుంచి 10 నిమిషాలు వేయించండి. మంట పెంచితే పైన మాడి, లోపల పచ్చిగా ఉండిపోతాయి. ఒక గింజ తీసి చల్లారనిచ్చి కొరకండి, వేడి మీద ఏ పల్లీ అయినా మెత్తగానే ఉంటుంది. చల్లారాక కరుక్కుమంటే అయినట్టు. పొట్టు తీసేయండి.

3. అదే మూకుడులో నువ్వులు చిటపటలాడేదాకా, నిమిషం నిమిషంన్నర వేయించి తీసేయండి. తర్వాత ఓట్స్ వేసి 5 నుంచి 6 నిమిషాలు కలుపుతూ వేయించండి. రంగు పెద్దగా మారదు, రంగు కోసం చూస్తే మాడతాయి. ఒక రేకు రెండు వేళ్ల మధ్య నలపండి. వంగితే ఇంకా తడి ఉన్నట్టు, పొడి అయిపోతే చాలు.

4. ఇప్పుడు చోడి పిండి. ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. ఒక స్పూను నెయ్యి వేసి, పిండి పోసి, సన్న మంట మీద 8 నిమిషాలు తగ్గకుండా వేయించాలి. పిండి మొదటే మట్టి రంగులో ఉంటుంది కాబట్టి వేగిందో లేదో కంటికి తెలియదు. ముక్కుతో, చేతితో చూసుకోవాలి. మొదటి రెండు మూడు నిమిషాలు తడి మట్టి లాంటి పచ్చి వాసన వస్తుంది. ఐదో నిమిషం దాటాక అది పోయి కమ్మటి వాసన మొదలవుతుంది. అప్పటిదాకా గరిటెకి బరువుగా తగిలిన పిండి తేలికై ఇసుకలా జారుతుంది. అప్పుడు చిటికెడు తీసి చల్లార్చి నాలుక మీద వేసుకోండి. అంగిలికి అంటుకుని పిండి రుచి వస్తే ఇంకో రెండు నిమిషాలు వేయించండి.

   పచ్చి పిండి, అది చోడి అయినా గోధుమ అయినా మైదా అయినా, వేడి చూపించకుండా తినే వంటల్లో వాడకూడదు. పిండి మరలో శుభ్రంగా ఆడినా పచ్చి ధాన్యమే. అందులో కడుపు పాడుచేసే క్రిములు ఉండే అవకాశం ఉంది. "నో బేక్" అంటే ఓవెన్ అక్కర్లేదని అర్థం. వేడే అక్కర్లేదని కాదు.

5. అన్నీ వేర్వేరు పళ్లాల్లో పలచగా పరిచి ఫ్యాన్ కింద పూర్తిగా చల్లార్చండి. సాయంత్రం పూట సముద్రం వైపు బాల్కనీలో పెట్టకండి, వేయించిన కష్టమంతా ఆ గాలికి పోతుంది. వేడి మీద మిక్సీ పట్టినా ఆవిరి జార్‌లోనే నీరై దిగుతుంది.

6. ఓట్స్ బరకగా, రవ్వలా ఆడించండి. పల్లీల్లో సగం కచ్చాపచ్చాగా తీసి పక్కన పెట్టండి. మిగతా సగం ఆపి ఆపి తిప్పుతూ, నూనె వదిలి ముద్దయ్యేదాకా ఆడించండి. ముక్కల్ని పట్టి ఉంచడానికి బెల్లం పాకంతో పాటు ఈ ముద్ద కూడా అవసరం. ఈ రెండు రకాల పల్లీలు, ఓట్స్, చోడి పిండి, నువ్వులు, ఉప్పు, యాలకుల పొడి పెద్ద గిన్నెలో కలిపి సిద్ధంగా పెట్టుకోండి. పళ్లేనికి నెయ్యి రాసి ఉంచండి. పాకం వచ్చాక వెతుక్కునే టైమ్ ఉండదు.

7. బెల్లం, నీళ్లు కలిపి పొయ్యి మీద పెట్టి కరిగించి, వడకట్టండి. ఎంత మంచి బెల్లమైనా అడుగున ఇసుక కనిపిస్తుంది. మళ్లీ పొయ్యెక్కించి, మిగిలిన నెయ్యి వేసి, సన్న మంట మీద మరగనివ్వండి.

8. పాకం చూసే పద్ధతి: చిన్న గిన్నెలో చల్లటి నీళ్లు పెట్టుకుని నాలుగో నిమిషం నుంచి ఒక్కో చుక్క వేసి చూడండి. కరిగిపోతే ఇంకా లేతది. అడుగున చేరి, వేలితో దగ్గరికి లాగితే ఉండ అవుతూ, పైకి తీయగానే సాగిలపడితే అది లేత ఉండ పాకం. పొడి గాలి ఉన్న ఊళ్లో ఇక్కడ ఆపేస్తారు. మనం ఇంకో అరనిమిషం, నిమిషం ఉంచాలి. పైకి తీసినా ఉండ తన ఆకారం నిలుపుకోవాలి, నొక్కితే మాత్రం వేళ్లకి లొంగాలి. వంటల థర్మామీటర్ ఉంటే 118 నుంచి 120 డిగ్రీల సెల్సియస్. అది కూడా దాటి చుక్క గాజులా పెళుసుగా విరిగిందంటే చిక్కీ పాకం అయిపోయింది.

   చుక్క చూసే ప్రతిసారీ మంట తగ్గించండి. మీరు గిన్నెలో చూస్తుండగానే పొయ్యి మీద పాకం ముదిరిపోతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, మరిగే బెల్లం మరిగే నీళ్లకన్నా చాలా వేడి, పైగా చర్మానికి అంటుకుంటుంది.

9. గ్యాస్ కట్టేసి, పాకాన్ని పొడి మిశ్రమంలో పోసి గరిటెతో గబగబా కలపండి. పట్టుకోగలిగిన వేడికి రాగానే పళ్లెంలోకి తీసి, అడుగున నెయ్యి రాసిన గిన్నెతో అర అంగుళం మందాన ఒత్తండి. గట్టిగా ఒత్తాలి. వదులుగా వదిలితే కోసేటప్పుడు రాలిపోతుంది. గుండ్రంగా కావాలంటే చిన్న డబ్బా మూతకి నెయ్యి రాసి ఒక్కొక్కటి అద్దండి.

10. గోరువెచ్చగా ఉండగానే కత్తితో గాట్లు పెట్టి, గంటసేపు కదపకుండా వదిలేయండి. మూత పెట్టకండి. వేడి మీద ఫ్రిజ్‌లో పెట్టకండి.

సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుంది?

చల్లారిన ముక్క విరిస్తే రెండుగా చక్కగా విరగాలి. వంగకూడదు, పొడిపొడిగా రాలకూడదు. వేలితో తడిమితే నెయ్యి తగలాలి కానీ జిగట తగలకూడదు.

తర్వాత ఒక ముక్కని డబ్బాలో పెట్టకుండా చిన్న పళ్లెంలో బయటే వదిలేయండి. నాలుగైదు గంటల తర్వాత అది కొంచెం మెత్తబడితే ఫర్వాలేదు, అది మన ఊరి గాలి. పైన చెమ్మ పట్టి మెరుస్తుంటే మాత్రం పాకం లేతగా దిగింది. మిగతావన్నీ ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో తినేయండి.

పాడైతే ఏం చేయాలి?

పొడిపొడిగా రాలిపోతోందా? పాకం తక్కువైంది, లేదా ముదిరింది. రెండు స్పూన్ల వేడి నెయ్యి వేసి, చేత్తో బాగా నలిపి ఉండలు చుట్టండి. పాలు చల్లి ఉండలు కట్టడం చాలామందికి అలవాటు. కట్టడానికి కడతాయి గానీ, పాలు పడ్డాక అవి బయట ఉంచే తిండి కాదు. ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో అవగొట్టాలి.

రాయిలా గట్టిపడిందా? మిక్సీ బ్లేడుకి పెట్టకండి. ముక్కల్ని మందపాటి గుడ్డలో చుట్టి అప్పడాల కర్రతో చితక్కొట్టి, పొడిని పాలల్లో వేసుకుని పొద్దున్నే తినండి. బాగుంటుంది.

చేతికి అంటుకుంటోందా? పుట్నాలపప్పు పొడి నాలుగైదు స్పూన్లు కలిపి ఉండలు చేసి, వేయించిన నువ్వుల్లో దొర్లించండి. చేదుగా ఉంటే మాత్రం పల్లీలో నువ్వులో మాడినట్టు. దానికి విరుగుడు లేదు. ఇంకో కప్పు బెల్లం పోసి ఆ చేదుని దాచాలని చూడకండి.

వానాకాలంలో: ఖర్జూరం ముక్కలు

వంటింట్లో ఉప్పు జాడీ చూడండి. ఉప్పు ముద్దకట్టి, చెంచాకి అంటుకుంటోందంటే ఆ రోజు బెల్లం పాకం జోలికి వెళ్లకండి. ముసురు పట్టిన రోజుల్లోనూ, తుఫాను గాలి ఉన్నప్పుడూ పాకం నిలవదు. అలాంటప్పుడు మెత్తగా ఉండాల్సిన తిండే చేసుకోవడం తెలివి.

గింజ తీసిన ఖర్జూరాలు 250 గ్రాములు, వేయించిన పల్లీలు గానీ జీడిపప్పు గానీ 1 కప్పు, వేయించిన నువ్వులు పావు కప్పు, పుట్నాలపప్పు పొడి పావు కప్పు, నెయ్యి ఒక చెంచా ఉంటే చాలు. పలాస జీడిపప్పు దుకాణాల్లో బద్దలు, ముక్కలు గుండు పప్పు కంటే చౌకగా దొరుకుతాయి. ఎలాగూ తరిగేదే కాబట్టి అవే కొనండి.

1. ప్యాకెట్ మీద "గింజ తీసినవి" అని ఉన్నా ప్రతి ఖర్జూరాన్నీ విప్పి చూడండి. ఎక్కడో ఒక గింజ ఉండిపోతుంది, పంటికీ మిక్సీ బ్లేడుకీ అదే చేటు. లోపల నల్లటి పొడి గానీ పురుగు గానీ కనిపిస్తే ఆ పండు తీసేయండి.

2. ఖర్జూరాల్ని కడగాలనిపిస్తే వంటకి ముందురోజే కడిగి, గుడ్డతో అద్ది, విడివిడిగా పరిచి రాత్రంతా ఫ్రిజ్‌లో మూత లేకుండా ఆరనివ్వండి. కడిగిన వెంటనే వాడితే ముక్కలు మూడో రోజుకి పులుస్తాయి. నీళ్లలో నానబెట్టడం అసలు వద్దు.

3. సన్నగా తరిగి, నెయ్యి వేసిన మూకుడులో సన్న మంట మీద 4 నిమిషాలు గరిటెతో చిదుముతూ తిప్పండి. ముద్దగా మారి మూకుడుని వదలడం మొదలుపెడితే గ్యాస్ కట్టేయండి.

4. పప్పులు, నువ్వులు, పుట్నాలపప్పు పొడి వేసి కలిపి, గొట్టంలా చుట్టి, నెయ్యి రాసిన ప్లాస్టిక్ కాగితంలో బిగించి 2 గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, బిళ్లలుగా కోయండి.

కత్తికి ముద్ద అంటుకోకుండా బిళ్ల శుభ్రంగా తెగితే సరిగ్గా వచ్చినట్టు. అంటుకుంటే ఇంకో రెండు స్పూన్ల పుట్నాలపప్పు పొడి కలపండి.

ఒకటి లేకపోతే ఇంకొకటి

చోడి పిండి బదులు జొన్న పిండి వాడొచ్చు. సజ్జ పిండి కూడా పనికొస్తుంది గానీ, అది తొందరగా చేదెక్కుతుంది కాబట్టి ఆ వారంలో ఆడించినదే వాడండి. ఓట్స్ వద్దనుకుంటే అటుకులు వేయించి బరకగా కొట్టి అదే కొలతలో వేసుకోండి. ఖర్చూ తగ్గుతుంది, నా దృష్టిలో రుచి కూడా అటుకులదే ఒక మెట్టు పైన.

బెల్లం బదులు తేనె వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో మన మన్యం తేనె దొరుకుతుంది, దాన్ని చూస్తే ఎవరికైనా ఆ ఆలోచన వస్తుంది. వేసుకోవచ్చు. కానీ తేనెతో ముక్క గట్టిపడదు, ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉంచాలి. ఏడాది నిండని బిడ్డకి తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు.

ఇంట్లో ఓట్స్ గానీ చోడి పిండి గానీ ఏదీ లేదనుకోండి, సున్నుండలు ఉండనే ఉన్నాయి. పొట్టు మినుములు ఒక కప్పు సన్న మంట మీద 20 నుంచి 25 నిమిషాలు వేయించి, చల్లార్చి పొడి చేసి, ముప్పావు కప్పు బెల్లం తురుము, అర కప్పు కరిగించిన నెయ్యితో ఉండలు కట్టడమే. పాకం పని లేదు కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లు దీనితోనే మొదలుపెట్టడం మంచిది.

షుగర్ ఉన్నవాళ్లకి, చిన్న పిల్లలకి

బెల్లం, ఖర్జూరం ఆరోగ్యానికి మంచివని షుగర్ ఉన్నవాళ్లు నాలుగేసి ముక్కలు తినడం చూస్తుంటాం. దయచేసి అలా చేయకండి. బెల్లంలో ఉండేది చాలావరకు పంచదారే. ఖర్జూరం బరువులో సగానికి పైగా చక్కెరే. రక్తంలో చక్కెరని ఇవీ పెంచుతాయి. ఈ చిరుతిళ్లు బజారు బిస్కెట్ కంటే మేలైనవి, ఎందుకంటే మైదా లేదు, పామాయిల్ లేదు, పీచు ఉంది. అంతవరకే. పిల్లలకైనా రోజుకి ఒకటి రెండు ముక్కలు చాలు.

ఐదేళ్ల లోపు పిల్లలకి పల్లీ పలుకులు, జీడిపప్పు ముక్కలు గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. వాళ్ల కోసం పల్లీ మొత్తం మెత్తగా ఆడించి చేయండి, కూర్చోబెట్టి తినిపించండి. స్కూలు బాక్సులో పల్లీ ఉన్న తిండి పెడుతున్నట్టయితే క్లాసులో ఎవరికైనా పల్లీ పడదేమో టీచర్‌ని ఒకసారి అడగండి. పిల్లలు పంచుకు తింటారు కదా.

నిల్వ

డబ్బా స్టీలుదా ప్లాస్టిక్‌దా అన్నది పెద్ద విషయం కాదు, మూత బిగుతుగా ఉండాలి. ఒకే పెద్ద డబ్బా బదులు రెండు మూడు చిన్న డబ్బాల్లో సర్దండి. రోజూ తెరిచే డబ్బాలోకి రోజూ కొత్త గాలి వెళ్తుంది, తెరవని డబ్బాలోవి అలాగే ఉంటాయి. వరసకీ వరసకీ మధ్య నెయ్యి పీల్చని కాగితం వేయండి. చోడి బిస్కెట్లు బయట వారం, ఫ్రిజ్‌లో మూడు వారాలు ఉంటాయి. ఖర్జూరం ముక్కలు ఫ్రిజ్‌లో రెండు వారాలు. నూనె కంపు గానీ పులిసిన వాసన గానీ వస్తే రుచి చూడకుండానే పారేయండి.

ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా మూత వెంటనే తెరవకండి. చల్లటి ముక్కల మీద మన గాలి తగిలిందంటే క్షణంలో చెమ్మ పడుతుంది, ఆ చెమ్మతో మళ్లీ లోపల పెడితే బూజు. కావలసిన నాలుగు ముక్కలు ముందురోజు రాత్రే చిన్న డబ్బాలోకి తీసి, దాన్ని కూడా ఫ్రిజ్‌లోనే ఉంచండి. పొద్దున్న లేవగానే ఆ చిన్న డబ్బాని మూతతోనే బయట పెట్టి, పిల్లలు స్కూలుకి బయలుదేరే ముందు తెరవండి.